నాలుగు పూలు ఎవరికి?

పోయిన వారం ఔరిక టీచరమ్మను ఎక్కడ వదిలిపెట్టి వచ్చామో గుర్తున్నవాళ్ళు ఈ పేరా దాటేయవచ్చు. మిగతావాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. పోయెనిత ఊరి బడిలో ఒకటి నుంచి నాలుగు తరగతుల దాకా పిల్లలు పద్నాలుగు మంది, అందరికీ కలిపి టీచరు ఒక్కతే. ఆ పద్నాలుగు మందిలో ఏడేళ్ళ ఇలింకకు వేళ్ళమీద చేసే కూడికలు వస్తాయి గానీ తీసివేతలు రావు. ఒక లెక్క వస్తే మరో లెక్క రాదు. ఆ సంగతి కాగితాల మీదుగా జిల్లాకు చేరింది. జిల్లా నుంచి ఇన్‌స్పెక్టరు పిర్వు దిగి సంచిలోంచి ఒక ఫారం తీశాడు. దానిమీద రెండు సంతకాలు పడితే పిల్ల పట్నంలోని ప్రత్యేక పాఠశాలకు వెళ్ళిపోతుంది. తిండీ పడకా అక్కడే, ఇంటి ముఖం చూసేది నెలకొక ఆదివారం. ఆయన తన సంతకం పెట్టేశాడు. "నా ఎదురుగా మీరే ఒక్కసారి అడిగి చూడండి సార్. అప్పటికీ రాకపోతే నేనూ పెడతాను" అని ఔరిక పట్టుబట్టింది. అక్కడ ఆపాం.

గదిలో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. మిగతా పిల్లల్ని ఔరిక మంచులో ఆడుకోమని పంపేసింది. వాళ్ళు ఆట మానేసి కిటికీ అద్దాలకు ముక్కులు ఆనించి నిలబడ్డారు. ఇలింక అమ్మమ్మ సఫ్త వసారాలో బల్లమీద కూర్చుంది. సఫ్త సమాధుల తోట గేటు దగ్గర పూలు అమ్ముతుంది. మర్నాడు మార్చి ఎనిమిది, ఆడవాళ్ళ పండగ. ఊళ్ళో ప్రతి మగాడూ ఏదో ఒక పూలగుత్తి కోసం పరుగెత్తే రోజు. అలాంటి రోజున బేరం వదులుకుని ఇక్కడికొచ్చి కూర్చుందంటే ఆవిడ గుండె ఎలా కొట్టుకుంటోందో వేరే చెప్పక్కర్లేదు.

బోర్డు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కథంతా దానిమీదే ఉంది. అది నల్లబోర్డు కాదు. పచ్చటి ఉన్నిగుడ్డ తొడిగిన చెక్క. దానిమీద ఎర్రవి, పసుపువి, నీలంవి ఉన్నిగుడ్డ పూలు. ఆనిస్తే అతుక్కుంటాయి, లాగితే ఊడి వస్తాయి. ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం ఔరిక తన చేతులతో కత్తిరించిన పూలవి. తన పాత కోటు, మొగుడి టోపీ, అత్తగారి శాలువా మూడూ వాటికి బలయ్యాయి. అంతకుముందు ఈ బడి పిల్లలు పుల్లలతో లెక్కలు నేర్చుకునేవాళ్ళు. పుల్లల్లో అందమేముందని ఔరిక ఆ కట్టను పొయ్యిలో పెట్టేసింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పోయెనితలో ప్రతి తీసివేతా ఆ పూలతోనే జరిగింది. బోర్డుకు జిల్లాలో బహుమతి కూడా వచ్చింది. ఎవరైనా దాన్ని పొగిడితే ఔరిక వద్దు వద్దంటూనే చివరిదాకా వింటుంది.

పిర్వు లేచి బోర్డు దగ్గరికి వచ్చాడు. ఇరవయ్యేళ్ళు పై తరగతులకు లెక్కలు చెప్పి ఇన్‌స్పెక్టరయిన మనిషి. చెడ్డవాడేమీ కాదు. తప్పు జవాబు వింటే మాత్రం అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెడతాడు.

"ఇలా రా పాపా. ఇవి ఎన్ని?"

"ఐదు" అంది ఇలింక.

రెండు పూలు లాగేశాడు. "ఇప్పుడు?"

"మూడు."

ఎనిమిది పెట్టి మూడు తీశాడు. "ఐదు" అంది. ఔరిక ఊపిరి పీల్చుకుంది. ఏడు పెట్టి మూడు తీశాడు. ఇలింక బోర్డు వైపు చూసింది. ఇన్‌స్పెక్టరు ముఖం చూసింది, టీచరమ్మ ముఖం చూసింది. ఏదో అడగబోయి మింగేసింది.

"మూడు" అంది.

ఆరులోంచి రెండు తీస్తే కూడా మూడే అంది. తొమ్మిదిలోంచి ఒకటి తీస్తే ఏడంది. పిర్వు జవాబులన్నీ పుస్తకంలో రాసుకున్నాడు.

"సరే, బోర్డు మీద ఎన్నున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టు."

ఇలింక మునివేళ్ళ మీద నిలబడి ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టింది. ఎనిమిది వచ్చాయి.

"మరి ఏడన్నావేం?"

ఇలింక చివరి పువ్వును ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఏడు" అంది.

కిటికీ అవతల నవ్వులు. పిర్వు చేతిలోని ఎర్రపువ్వుతోనే టీచరు వైపు తిరిగాడు.

"చూశారుగా టీచరుగారూ. పిల్ల మంచిదే, కాదనను. కానీ ఊహించి చెబుతోంది. తగిలితే తగిలింది, లేకపోతే లేదు. పైగా జవాబుకు తగ్గట్టు లెక్కనే మార్చేస్తోంది. ఇక్కడ ఉంచితే వెనకబడిపోతుంది. అక్కడ ఇలాంటి పిల్లలకు నేర్పడానికి వేరే మనుషులున్నారు." ఫారం ఆమె ముందుకు జరిపాడు. కలం మూత తీసి మరీ ఇచ్చాడు.

ఔరిక కలం అందుకుంది. మాట ఇచ్చింది కదా, పెట్టక తప్పదు. కానీ కళ్ళు కాగితం మీద నిలవలేదు, ఆయన చేతిలోని పువ్వు దగ్గరికి పోయాయి. పిల్ల ఆ పువ్వును ఎంత నింపాదిగా తీసిచ్చింది. తప్పు చేసిన పిల్లల్లో ఉండే తడబాటు కాస్తయినా లేదు. గదిలో ఏదో చిందరవందరగా ఉంటే సర్దేసి వచ్చినట్టు వచ్చి నిలబడింది.

ఔరిక కలం పక్కన పెట్టి తన పుస్తకం తెరిచింది. ఇలింక చెప్పిన జవాబులన్నీ సెప్టెంబరు నుంచి అందులో ఉన్నాయి. వాటిని ఇదివరకు పదిసార్లు చూసింది, ఎన్ని తప్పులని చూసింది. ఎలాంటి తప్పులని ఇప్పుడే మొదటిసారి చూసింది. నాలుగు రావాలంటే మూడు. ఎనిమిది రావాలంటే ఏడు. ఆరుకు ఐదు, రెండుకు ఒకటి. ప్రతి తప్పూ సరిగ్గా ఒకటి తక్కువ. పేజీలు తిప్పింది. ఎక్కడా ఒకటి ఎక్కువ లేదు, ఎక్కడా రెండు తక్కువ లేదు. ఊహించేవాళ్ళు అటూ తప్పుతారు, ఇటూ తప్పుతారు. ఆరునెలలపాటు ఒకేవైపు, ఒకే కొలతలో తప్పే పిల్ల ఊహించడం లేదు.

"ఒక్క నిమిషం సార్" అంది. పొయ్యి దగ్గరికెళ్ళి బుట్టలోంచి చేతికందినన్ని చితుకులు తెచ్చి బల్లమీద పోసింది.

"ఇవి ఏడు. మూడు పొయ్యిలో వేస్తున్నాను. ఎన్ని మిగిలాయి ఇలింకా?"

"నాలుగు."

ఔరిక ఇంకొన్ని లెక్కపెట్టి పెట్టింది. "తొమ్మిదిలో ఒకటి వేస్తే?"

"ఎనిమిది."

"ఆరులో రెండు?"

"నాలుగు. అన్నీ వేసేయకండి టీచరమ్మా, సాయంత్రానికి ఉండవు."

పిర్వు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తనే నాలుగైదు లెక్కలు ఇచ్చాడు. పదిలోంచి నాలుగు, ఎనిమిదిలోంచి ఆరు, పన్నెండులోంచి రెండు. పిల్ల చితుకులు చూడకుండానే చెప్పేసింది. ఒక్కటి తప్పలేదు. చివరికి ఆయనే లేచి బోర్డు మీద మళ్ళీ ఏడు పూలు పెట్టి మూడు తీశాడు.

ఇలింక ముఖం మళ్ళీ ముడుచుకుంది. "మూడు" అంది మెల్లగా.

ఔరిక ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చుంది. "నేను కోప్పడను తల్లీ. చితుకులైతే నాలుగన్నావు. పూలు నాలుగు ఎందుకు కావు?"

"ఎవరు చనిపోయారు టీచరమ్మా?" అంది ఇలింక.

"ఎవరూ చనిపోలేదే. ఎందుకలా అడిగావు?"

"మరి నాలుగు పూలు ఎవరికి?"

ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు ఆ ప్రశ్న ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. బతికున్న మనిషికి పూలిస్తే ఒకటో మూడో ఐదో ఏడో ఇస్తాం. జతలు జతలుగా ఇచ్చేది సమాధి మీద పెట్టడానికే. పొరపాటున ఎవరి చేతిలోనైనా నాలుగు పూలు పెడితే ఆ మనిషి చావు కోరినట్టే. ఆ పొద్దున్నే ఒక పిల్లాడు పండగ ముందే వచ్చిందని టీచరమ్మకు తెల్లగంట పూలు నాలుగు తెచ్చాడు. ఔరిక గుమ్మంలోనే వాడి నెత్తిమీద ఒకటి మొట్టి, ఒక పువ్వు తీసి బయట పారేసి, మిగతా మూడూ నీళ్ళలో పెట్టింది. పెట్టి లోపలికొచ్చి, ఉన్నిపూల బోర్డు ముందు నిలబడి, నాలుగు మిగుల్తాయని పిల్లలకు చెప్పింది. నిజం పువ్వుకు ఉన్న మర్యాద గుడ్డపువ్వుకు లేదని ఆమె అనుకోలేదు. అసలు అవి పూలన్న సంగతే ఆమెకు గుర్తులేదు. ఎప్పటినుంచో అవి ఆమెకు అంకెలైపోయాయి. ఈ పిల్లకు మాత్రం పువ్వంటే పువ్వే. పుట్టినప్పటినుంచి గుత్తులు కట్టే చేతుల మధ్య పెరిగిన పిల్ల మరి.

"అందుకని ఒకటి తీసేస్తున్నావా?"

"తీసి బకెట్‌లో వేసేయాలి. ఒకటి కలపొచ్చు కూడా, కానీ ఊరికే కలిపితే మనం మునుగుతామంది అవ్వ."

పిర్వుకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. ఆయనా ఈ దేశపువాడే. వాళ్ళావిడకు ఏటా ఎన్ని పూలు తీసుకెళ్తాడో ఆయనకు తెలుసు. అయినా లెక్కల మేష్టరు బుద్ధి ఊరికే పోతుందా.

"అది ఆచారం టీచరుగారూ. నేను కాదనడం లేదు. కానీ లెక్క లెక్కే. ప్రశ్నలో పూలున్నాయని జవాబు మార్చేస్తే రేపు పరీక్షలో ఎవరు ఒప్పుకుంటారు? ఎందుకు తప్పు చెప్పిందో తెలిసింది, సంతోషం. తీసివేత అర్థమైందో లేదో ఇంకా తెలీదు. చితుకులు లెక్కపెట్టడం వేరు, అర్థం కావడం వేరు."

"మీ ఫారంలో అర్థం కావడానికి గడి ఉందా సార్?" అంది ఔరిక. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఇన్‌స్పెక్టరుతో అలా మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

పెద్దవాళ్ళ గొంతులు పెరగడం చూసి ఇలింక భయపడింది. తనవల్లే అనుకుంది. తప్పు టీచరమ్మది కాదని చెప్పి కాపాడాలనుకుందో ఏమో, గబగబా మాట్లాడేసింది.

"టీచరమ్మ కావాలని చేయట్లేదు సారూ. బతికినోళ్ళ గుత్తిలోంచి బతికినోళ్ళ గుత్తి తీస్తారు కదా, అప్పుడు చచ్చిపోయినోళ్ళదే వస్తుంది. ఇంకోటి రాదు."

పిర్వు కలం జేబులో పెట్టుకోబోతున్నవాడు ఆగిపోయాడు.

"ఏమన్నావ్? మళ్ళీ చెప్పు."

"ఏడు బతికినోళ్ళది. మూడూ బతికినోళ్ళదే. అందులోంచి ఇది తీస్తే చచ్చిపోయినోళ్ళది వస్తుంది."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"పదిహేనులోంచి ఏడు తీస్తే?"

"చచ్చిపోయినోళ్ళది."

"ఎన్ని?"

"ఎన్నంటే లెక్కపెట్టాలి. కానీ చచ్చిపోయినోళ్ళదే."

"తొమ్మిదిలోంచి నాలుగు?"

"నాలుగు చచ్చిపోయినోళ్ళది కదా. వాళ్ళది పోతే బతికినోళ్ళది బతికినోళ్ళదిగానే ఉంటుంది."

పిర్వు కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. ఇద్దరి ముఖాలూ ఇప్పుడు ఒకే ఎత్తున ఉన్నాయి. "నూట ఒకటిలోంచి ముప్ఫై ఏడు తీస్తే?"

ఇలింక తెల్లముఖం వేసింది. నూరు దాకా ఇంకా చెప్పలేదు ఔరిక. "అది నాకు రాదు" అంది. మళ్ళీ కాసేపాగి, "నూట ఒకటి బతికినోళ్ళదా?" అని అడిగింది.

"అవును."

"ఇంకోటి?"

"అదీ బతికినోళ్ళదే."

"అయితే చచ్చిపోయినోళ్ళది వస్తుంది."

"నూట ఒక్క పూలు ఒకచోట నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదు. మా పెద్ద బకెట్‌లో పంతొమ్మిదే పడతాయి."

"మరి చూడకుండా ఎలా తెలుసు?"

చాలామంది పెద్దవాళ్ళు ఆ ప్రశ్న దగ్గరే తడబడతారు. అందరూ అంటారనో, ఎప్పుడూ అంతేననో అంటారు. ఇలింక బోర్డు దగ్గరికి వెళ్ళింది. పూలన్నీ ఊడబెరికి నేలమీద కూర్చుంది. కొంగలా వంగి చూస్తున్న ఇన్‌స్పెక్టరును కూడా కూర్చోమని చెయ్యి ఊపింది. ఆయన కోటు విప్పకుండానే నేలమీద చతికిలబడ్డాడు.

"గుత్తి కట్టేటప్పుడు రెండేసి, రెండేసి పెట్టుకుంటూ పోతాం" అంది. ఎరుపు పక్కన పసుపు పెట్టింది, నీలం పక్కన ఎరుపు పెట్టింది. "అన్నిటికీ జత దొరికిందనుకో, అది చచ్చిపోయినోళ్ళది. చివర ఒకటి ఒంటరిగా మిగిలిందనుకో, అది బతికినోళ్ళది. ఎందుకంటే అది ఇంకోదాని కోసం చూస్తూ ఉంటుంది. బతికున్నోళ్ళంతా ఎవరో ఒకరి కోసం చూస్తూనే ఉంటారంట. పోయినోళ్ళు ఇంక చూడరంట. అవ్వ చెప్పింది."

"ఊఁ."

"ఇది బతికినోళ్ళ గుత్తి. చూడు, ఒంటరిది ఒక్కటే. నువ్వొచ్చి ఇందులోంచి బతికినోళ్ళ గుత్తి కావాలన్నావు. నీ దాంట్లోనూ ఒక ఒంటరిది ఉండాలి కదా. అందుకని నువ్వు కొన్ని జతలు తీసుకున్నావు, ఈ ఒంటరిదాన్ని కూడా పట్టుకుపోయావు." చిన్న చెయ్యి మూడు పూలను పక్కకు లాగింది. "నా దగ్గర ఇంక ఒంటరిది ఎక్కడుంది? జతలే ఉన్నాయి. అవి ఎన్నయినా జతలే. నూరయినా జతలే. బకెట్ ఎంత పెద్దదైతే మాత్రం ఏంటి."

అదీ ఆమె చెప్పింది. నేను ఒక్క మాట కలపలేదు.

ఔరిక ఇన్నేళ్ళు తీసివేత చెప్పింది. వందమంది పిల్లల చేత పూలు పెట్టించింది, తీయించింది. ఇది పోతే అది మిగులుతుంది అని పాటలా పాడించింది. పోయేది ఏ రకమో చూస్తే మిగిలేది ఏ రకమో ముందే తెలిసిపోతుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఎంత పెద్ద సంఖ్యలోనైనా, ఎవరూ చూడని సంఖ్యలోనైనా అదే జరిగి తీరుతుందన్నది ఈ పిల్ల పూలబకెట్ పక్కన కూర్చుని కనిపెట్టుకుంది. ఎవరూ నేర్పలేదు, అడగలేదు, మెచ్చుకోలేదు. అడిగినప్పుడల్లా తప్పని ఎర్రగీత గీసింది తనే. ఎదురుగా నేలమీద కూర్చున్న ఆ చిన్నదాన్ని చూస్తుంటే ఆమెకు గుడిలో దీపాల ముందు నిలబడ్డప్పుడు కలిగే భయంలాంటిది కలిగింది. దానికి సంతోషమని పేరు పెట్టాలో సిగ్గని పెట్టాలో తెలీలేదు.

పిర్వు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

"దీన్ని నేను ఎనిమిదో తరగతికి బీజగణితం అక్షరాలతో చెప్పేవాణ్ణి" అన్నాడు చివరికి. "తరగతిలో సగంమందికి అర్థమయ్యేది కాదు. మిగతా సగంమంది బట్టీ పట్టేవాళ్ళు. నూట ఒకటి చదవడం రాదు దీనికి. నూట ఒకటి గురించి నిరూపించి చూపించింది."

"ఇంకో లెక్క అడుగుతావా?" అంది ఇలింక. పెద్ద సారు కిందకూర్చున్నాక ఆమెకు భయం పోయింది, మీరు నువ్వయింది.

"వద్దు తల్లీ. ఇవాళ్టికి చాలు. నువ్వెళ్ళి ఆడుకో."

ఇలింక బయటికి పరుగెత్తింది. పిర్వు మోకాళ్ళు పట్టుకుంటూ లేచి ఫారం అందుకున్నాడు. తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టాడు. ఔరిక కళ్ళు తుడుచుకుంది. గెలిచామనుకుంది. పిల్ల ఇక్కడే ఉంటుంది, రేపటినుంచి బుట్టెడు చితుకులు తెప్పిస్తాను, ఎండిన చిక్కుడు గింజలు తెప్పిస్తాను, గుండీలు, అక్రోట్లు, చెంచాలు, ఇంట్లో ఉన్నవన్నీ తెస్తాను అనుకుంది. ఆ ఉన్నిపూలు మాత్రం మళ్ళీ బోర్డెక్కవు.

"ఒక సంగతి అడుగుతాను టీచరుగారూ" అన్నాడు పిర్వు. గొంతు మారింది. "ఈ పూలతో ఎన్నాళ్ళనుంచి చెబుతున్నారు?"

"ఇరవై ఎనిమిదేళ్ళు."

"ఇన్నేళ్ళలో తీసివేత రాదని ఇలాంటి ఫారం మీద ఎంతమందికి సంతకం పెట్టారు?"

ఔరిక జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఎవరికీ పెట్టలేదు, ఇదే మొదటిది అనబోయింది. అంతలో గుర్తొచ్చింది.

"ఒకరికి" అంది.

"ఎవరా పిల్ల?"

జవాబు వసారాలోంచి వచ్చింది. సఫ్త ఎప్పుడు లేచిందో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"మా పిల్ల అయ్యా. తుదొరిత. ఈ ఇలింకని కన్నది."

ఔరిక ఆమె వైపు చూడలేకపోయింది. సఫ్త గొంతులో కోపమేమీ లేదు. ఉంటే కాస్త తేలికయ్యేది.

"ఇరవై రెండేళ్ళయింది. అది కూడా ఇంటికొచ్చి ఇదే అడిగేది. అమ్మా, బళ్ళో ఎవరు పోయారు, టీచరమ్మ ఆరు పూలు పెట్టింది అని. నేను నవ్వేదాన్ని. పూలమ్మేదాని కూతురు, దానికి లోకమంతా పూలే అనుకున్నా. లెక్క రాకపోవడానికీ దీనికీ సంబంధం ఉందని నాకేం తెలుసయ్యా. టీచరమ్మ రాదంది, నేను రాదనుకున్నా. టీచరమ్మ సంతకం పెట్టింది. అప్పట్లో కింద ఇంటివాళ్ళూ పెట్టాలి, నేనూ గీశా." ఆవిడ తలగుడ్డ ముడి బిగించుకుంది. "అదీ తనకు రాదనే అనుకుంది."

"ఇప్పుడు ఎక్కడుంది?" అన్నాడు పిర్వు.

"పట్నంలో ఆ బళ్ళోనే. దుప్పట్లు ఉతుకుతుంది. చదువు ఎప్పుడో ఆపేశారు, మనిషిని మాత్రం ఉంచేసుకున్నారు. అది పుట్టినింటికొచ్చేది కూడా తక్కువ. ఇవాళ మధ్యాహ్నం బస్సుకొచ్చింది, కూతుర్ని తనతో తీసుకుపోదామని. ఎట్టాగూ పంపుతారు గదా, నా చేతుల్తోనే తీసుకుపోతానంది. గేటు దగ్గర నిలబడుంది. లోపలికి రావే, చలిగా ఉందంటే రాదు. ఆ గదిలోకి రానంటది."

పిర్వు ఔరిక ముఖం వైపు చూసి కిటికీ వైపు తిరిగాడు. ఆ సాయం తప్ప ఆయన ఇంకేం చేయగలడు. చెడ్డవాడు కాదని ముందే చెప్పాను.

ఔరిక లేచింది. కోటు వేసుకోలేదు. వసారా దాటి, మంచులో అరుస్తూ దొర్లుతున్న పిల్లల మధ్యనుంచి గేటు దాకా నడిచింది. ఏం చెప్పాలో నడుస్తూ వెతుక్కుంది. క్షమించమనాలి, అది తెలుసు. కానీ ఎనిమిదేళ్ళ పిల్లను ఊరినుంచి తీసేస్తే ఆ ఇంట్లో ఏం మిగిలిందో, ఆ పిల్లలో ఏం మిగిలిందో, దానికి సరిపడే మాట ఏదీ ఆమెకు దొరకలేదు.

గేటు అవతల ముప్ఫై ఏళ్ళ మనిషి నిలబడి ఉంది. పక్కన ఖాళీ సంచి. నీళ్ళలో నానీ నానీ వేళ్ళు ఎర్రబారి పగిలిపోయాయి. టీచరమ్మ వస్తుంటే చూసి ఆమె ఆ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడింది. ఈ బడిలో టీచరు ముందు పిల్లలు నిలబడే తీరు అది.

"తుదొరితా" అంది ఔరిక.

తుదొరిత కళ్ళు ఆమెను దాటి బడివైపు పోయాయి, మంచులో తన కూతుర్ని వెతికి పట్టుకుని మళ్ళీ వెనక్కి వచ్చాయి. పెదవులు తడుపుకుంది.

"అదీ తప్పే చెప్పిందా టీచరమ్మా?" అని అడిగింది.